పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బానిసలను దాటించి పట్టుబడ్డవాళ్లు

బానిసత్వం నాటి అమెరికాలో పారిపోయి వచ్చినవాళ్లకు తిండి పెట్టి, దాచి, బండెక్కించి దాటించినవాళ్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. రహస్య దారుల గురించి అడిగినవి పక్కన పెట్టి, పట్టుబడ్డాక ఏమైందన్న ప్రశ్నలే తీసుకున్నాం.

ప్రశ్న: ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసత్వమే లేదంటారు. అలాంటప్పుడు అక్కడివాళ్లను ఏ చట్టం కింద శిక్షించారు?

కేంద్ర చట్టం కింద. ఒక రాష్ట్రం నుంచి పారిపోయిన బానిస ఇంకో రాష్ట్రంలో అడుగు పెట్టినంత మాత్రాన స్వేచ్ఛ రాదని, అడిగినవాళ్లకు అప్పగించాలని అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణలోనే రాసి ఉంది. దాన్ని అమలు చేయడానికి 1793లో మొదటి చట్టం వచ్చింది. పారిపోయినవాళ్లను దాచినా, పట్టుకునేవాళ్లకు అడ్డుపడినా 500 డాలర్లు కట్టాలి. ఆ డబ్బు ఖజానాకు పోదు, యజమాని దావా వేసి వసూలు చేసుకోవాలి. జైలు ఊసు అందులో లేదు.

1850 సెప్టెంబరు 18న వచ్చిన రెండో చట్టం చాలా కఠినం. జరిమానా 1,000 డాలర్ల దాకా, జైలు ఆరు నెలల దాకా. దీనికి తోడు చేజారిన ఒక్కో మనిషికి 1,000 డాలర్ల చొప్పున యజమానికి పరిహారం. పట్టుబడిన మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు, జ్యూరీ లేదు. విచారించే కమిషనర్‌కు, ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ఫీజు. అప్పగిస్తే రాయాల్సిన కాగితాలు ఎక్కువ కనుక ఫీజూ ఎక్కువ అని సమర్థించుకున్నారు. ఆ వాదనను అప్పుడే చాలామంది నమ్మలేదు. అరెస్టు చేసిన మనిషి తప్పించుకుంటే మార్షల్, అంటే కోర్టు ఆదేశాలు అమలు చేసే కేంద్ర అధికారి, తన జేబులోంచి పూర్తి వెల కట్టాలి. మార్షల్స్ అంత పట్టుదలగా వెంటపడటానికి అదో కారణం.

దక్షిణాదిలో ఈ కేంద్ర చట్టంతో పనే లేదు. అక్కడ బానిస అంటే ఆస్తి, ఆస్తిని తీసుకుపోవడం రాష్ట్ర చట్టాల ప్రకారం దొంగతనం. తలకు ఇన్నేళ్లని కఠిన కారాగారం. అందుకే ఒకే పని చేసిన ఇద్దరిలో ఒహైయో నది ఉత్తరపు గట్టున దొరికినవాడికి దావా నోటీసు వచ్చేది, దక్షిణపు గట్టున దొరికినవాడికి సంకెళ్లు పడేవి. కింద వచ్చే జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్రశ్న: జైలు కంటే జరిమానా నయమే కదా? 500 డాలర్ల కోసం కుటుంబాలు దివాలా తీశాయంటే నమ్మబుద్ధి కావడం లేదు.

ఆ రోజుల్లో మామూలు కూలీకి రోజుకు డాలరు దొరికితే గొప్ప. అంటే 500 డాలర్లు ఏడాదిన్నరకు పైగా కూలి డబ్బు. పైగా అది చట్టంలో రాసిన జరిమానా మాత్రమే. అసలు దెబ్బ పరిహారం దావాల్లో ఉంది. పోయిన మనిషి 'వెల', వెతికించడానికి అయిన ఖర్చు, కోర్టు ఖర్చులు, అన్నీ కలిపి ముక్కుపిండి వసూలు చేసేవారు.

జాన్ వాన్ జాంట్ సంగతి చూడండి. సిన్సినాటి దగ్గరి రైతు. 1842 ఏప్రిల్‌లో కెంటకీ నుంచి నది దాటి వచ్చిన తొమ్మిది మందిని తన బండిలో ఎక్కించుకున్నాడు. దారిలో ఆపి ఎక్కువమందిని పట్టుకున్నారు. అయినా యజమాని దావా వేసి 1,200 డాలర్ల పరిహారం, వేరే కేసులో 500 డాలర్ల జరిమానా గెలిచాడు. వాన్ జాంట్ తరఫున శామన్ చేజ్ వాదించాడు. 'వీళ్లు బానిసలని ముందుగా నోటీసు ఇవ్వలేదు, ఒహైయో నేల మీద ప్రతి మనిషీ స్వతంత్రుడనే అనుకోవాలి' అన్నది వాదన. 1847లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నోటీసు అక్కర్లేదు, తెలిసి చేశాడని పరిస్థితులను బట్టి తేలితే చాలంది. అదే ఏడాది వాన్ జాంట్ చనిపోయాడు.

డెలావేర్‌లో థామస్ గారెట్ కేసు ఇంకా విచిత్రం. హాకిన్స్ కుటుంబంలో తండ్రి స్వతంత్రుడు, తల్లీ ఆరుగురు పిల్లలూ తమ ఆస్తి అన్నది యజమానుల వాదన. వాళ్లను జైల్లో పెట్టిన కాగితాలు సరిగా లేవని రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తే విడుదల చేశాడు. విడుదలైనవాళ్లను తీసుకుపోవడానికి గారెట్ ఒక బండి మాట్లాడాడు. అదే నేరమైంది. 1848లో న్యూకాసిల్‌లో జరిగిన విచారణలో ఆయన మీదా, జాన్ హన్ అనే మరో క్వేకర్ (బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఒక క్రైస్తవ శాఖవాడు) మీదా వేల డాలర్ల తీర్పులు పడ్డాయి. బెంచి మీద కూర్చున్నది రోజర్ టానీ, తొమ్మిదేళ్ల తర్వాత, నల్లజాతివాళ్లు అమెరికా పౌరులే కారన్న డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన మనిషి. గారెట్ చెల్లించాల్సింది తర్వాత 1,500 డాలర్లకు తగ్గింది. ఆయన మాత్రం ఆ పని ఆపలేదు.

వకీళ్లనూ వదల్లేదు. 1852లో ఒహైయో రాష్ట్రం శాండస్కీలో, పడవ ఎక్కబోతున్న ఏడుగురిని పట్టుకుని మేయర్ ముందుకు తెచ్చారు. రష్ స్లోన్ అనే వకీలు 'వీళ్లను పట్టి ఉంచడానికి కాగితాలేవి' అని అడిగాడు. ఎవరూ చూపలేదు. 'అయితే ఆపే అధికారం ఎవరికీ కనిపించడం లేదు' అన్నాడు. ఆ ఏడుగురూ కెనడా చేరారు. ఆ ఒక్క మాటకు స్లోన్ మీద 3,000 డాలర్ల తీర్పు, ఆపైన కోర్టు ఖర్చులు.

ప్రశ్న: ఇదంతా చాటుమాటు వ్యవహారం కదా. కోర్టులో ఎలా రుజువు చేసేవారు? సాక్షులు ఎక్కడ దొరికేవారు?

సాక్ష్యం తరచూ చిన్న చిన్న వస్తువుల రూపంలో దొరికేది. ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో రిచర్డ్ ఈల్స్ అనే డాక్టరు, 1842లో మిసిసిపీ నది ఈది వచ్చిన చార్లీ అనే మనిషిని తన బగ్గీలో తీసుకెళ్లాడు. వెంటపడినవాళ్లకు మనిషి దొరకలేదు, బగ్గీలో తడి బట్టలు దొరికాయి. 400 డాలర్ల జరిమానా వేసిన న్యాయమూర్తి స్టీఫెన్ డగ్లస్, తర్వాత రోజుల్లో లింకన్‌తో ఎన్నికల్లో తలపడింది ఈయనే.

కిరాయి బండ్లు ప్రమాదం. 1844 సెప్టెంబరులో కెంటకీలోని లెక్సింగ్టన్ నుంచి కాల్విన్ ఫెయిర్‌బ్యాంక్, డెలియా వెబ్‌స్టర్ అనే టీచరు కలిసి లూయిస్ హేడెన్‌ను, అతని భార్యను, కొడుకును బండిలో నది దాకా తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఊళ్లో గుప్పుమంది. బండి తోలిన మనిషి కూడా బానిసే. అతన్ని కొట్టి విషయం రాబట్టారు. తెల్లవాళ్ల మీద బానిస సాక్ష్యం కోర్టులో చెల్లదు, కానీ ఎక్కడ వెతకాలో తెలియడానికి అతని మాట చాలు. హోటల్‌వాళ్లు, టోల్‌గేటు కాపలాదార్లు, బండి అద్దెకిచ్చినవాడు, అంతా తెల్లవాళ్లే, మిగతాది వాళ్లు చెప్పారు.

మిషిగన్‌లోని మార్షల్ ఊరి వాళ్లు తమ మీద సాక్ష్యం తామే ఇచ్చుకున్నారు. 1847 జనవరిలో క్రాస్‌వైట్ కుటుంబాన్ని పట్టుకోవడానికి కెంటకీ నుంచి ఏజెంటు వస్తే జనం చుట్టుముట్టారు. 'అడ్డుపడుతున్నవాళ్ల పేర్లేంటి' అని ఏజెంటు పుస్తకం తీశాడు. ఊరి పెద్దలు గర్వంగా ముందుకొచ్చి పేర్లు చెప్పి, సరిగ్గా రాసుకోమన్నారు. ఆ పేర్ల మీదే దావా పడింది. 1,900 డాలర్లకు పైగా తీర్పు, ఖర్చులు అదనం. ధైర్యంలో వంక పెట్టడానికేమీ లేదు, కానీ వాళ్ల వకీలు తల పట్టుకుని ఉంటాడు.

అసలు సాయం అడగనివాళ్ల దగ్గరికి వెళ్లడం కూడా దెబ్బతీసేది. 1841లో క్విన్సీ నుంచే జార్జ్ థాంప్సన్, జేమ్స్ బర్, అలాన్సన్ వర్క్ నది దాటి మిస్సోరీలోకి వెళ్లి కొందరు బానిసలతో మాట్లాడారు. వాళ్లు భయపడి యజమానులకు చెప్పేశారు. మళ్లీ కలుద్దామన్న రోజున యజమానులు కాపు వేసి పట్టుకున్నారు. ఒక్క మనిషీ దాటలేదు, అయినా తలా 12 ఏళ్ల శిక్ష పడింది. వర్క్ 1845లో, మిగతా ఇద్దరూ 1846లో క్షమాభిక్షతో బయటపడ్డారు.

ప్రశ్న: ఒకాయన చేతి మీద అక్షరాలతో వాత పెట్టారని చదివాను. అది కల్పన కాదు కదా?

నిజమే. మనిషి పేరు జొనాథన్ వాకర్, మసాచుసెట్స్ నావికుడు. 1844 వేసవిలో ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి ఏడుగురిని కప్పు లేని చిన్న పడవలో బహామాస్‌కు తీసుకెళ్లబోయాడు. బహామాస్ బ్రిటిష్‌వారి చేతిలో ఉంది, అక్కడ బానిసత్వం అప్పటికే పోయింది. దారిలో వాకర్‌కు వడదెబ్బ తగిలి పడిపోయాడు. పడవ నడపడం తెలిసింది ఆయనకే. ఫ్లోరిడా దక్షిణపు కొస దగ్గర, మునిగిన ఓడల సరుకు ఏరుకునే ఒక ఓడ వాళ్లను పట్టేసింది.

శిక్ష పలు రకాలు. గంటసేపు మెడా చేతులూ కొయ్యల మధ్య బిగించి జనం ముందు నిలబెట్టారు, కోడిగుడ్లు విసిరారు. కుడి అరచేతి మీద 'స్లేవ్ స్టీలర్', అంటే బానిసల దొంగ, అని సూచించే రెండు ఇంగ్లీషు 'ఎస్' అక్షరాలను కాల్చిన ఇనుముతో ముద్ర వేశారు. ఆ పైన జరిమానాలు. అవి కట్టలేక జైల్లోనే మగ్గాడు. 1845లో ఉత్తరాది మిత్రులు చందాలు పోగేసి కట్టాకే విడుదల. ఫ్లోరిడా అప్పటికి ఇంకా రాష్ట్రం కాదు, కేంద్ర పాలిత ప్రాంతం. కాబట్టి ఆ వాత పెట్టింది అమెరికా కేంద్ర ప్రభుత్వ మార్షల్. ఉత్తరాది జనానికి ఒళ్లు మండింది అందుకే.

1845లో బోస్టన్‌లో ఆ అరచేతిని ఫొటో తీశారు. వాకర్ ఊరూరా తిరిగి వేదికల మీద చెయ్యి ఎత్తి చూపించేవాడు. నేరస్తుణ్ని జనం గుర్తుపట్టాలని వేసిన ముద్ర అది, ఆ పని బాగానే చేసింది.

ప్రశ్న: దక్షిణాది జైళ్లలో వీళ్లను ఎలా చూసేవారు? పూర్తి శిక్ష అనుభవించినవాళ్లు ఉన్నారా?

పూర్తి కాకముందే చనిపోయినవాళ్లు ఉన్నారు. చార్లెస్ టోరీ అనే పాస్టరుకు 1844లో బాల్టిమోర్‌లో ఆరేళ్లకు పైగా శిక్ష పడింది. 1846 మే 9న మేరీలాండ్ జైల్లోనే క్షయతో పోయాడు. ఒహైయోకు చెందిన క్వేకర్ యువకుడు రిచర్డ్ డిల్లింగ్‌హామ్ 1848లో నాష్‌విల్‌లో ముగ్గురిని తీసుకువెళ్తూ దొరికాడు. కోర్టులో నేరం ఒప్పుకుని మర్యాదగా మాట్లాడాడని జ్యూరీ కనిష్ఠంగా మూడేళ్లే వేసింది. 1850లో జైలుకు కలరా వచ్చింది, ఆ మూడేళ్లూ తీరనేలేదు.

ఎక్కువకాలం బతికి భరించినవాడు ఫెయిర్‌బ్యాంక్. హేడెన్ కుటుంబంలో తలకు ఐదేళ్ల చొప్పున ముగ్గురికి 15 ఏళ్లు వేశారు. వెబ్‌స్టర్‌కు రెండేళ్లు పడ్డా, ఆడమనిషని జ్యూరీయే సిఫారసు చేయడంతో వారాల్లోనే క్షమాభిక్ష దొరికింది. ఫెయిర్‌బ్యాంక్ 1849 దాకా ఉన్నాడు. బయటికి రావడానికి తోడ్పడింది ఎవరో కాదు, ఆయన దాటించిన హేడెనే. బోస్టన్‌లో స్థిరపడి, 650 డాలర్లు పోగుచేసి తన పాత యజమానులకు పంపి, వాళ్ల అభ్యంతరం లేకుండా చేశాడు.

రెండేళ్లకే, 1851 నవంబరులో, టామర్ అనే యువతిని లూయిస్‌విల్ నుంచి నది దాటించాడు ఫెయిర్‌బ్యాంక్. ఈసారి ఇండియానా గడ్డ మీదే కెంటకీ వాళ్లు పట్టుకుని ఎత్తుకుపోయారు. మళ్లీ 15 ఏళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కెంటకీ జైలును ప్రభుత్వం కాంట్రాక్టర్లకు లీజుకిచ్చేది. ఖైదీ పని ఎంత ఎక్కువైతే వాళ్లకు అంత లాభం. జనపనార చిక్కు తీయడం, నేయడం, రోజుకింత అని లెక్క. తగ్గితే కొరడా. ఫెయిర్‌బ్యాంక్ తన లెక్క ప్రకారం 35,105 దెబ్బలు తిన్నాడు. అంకె అంత కచ్చితంగా ఎలా తెలుసని అడగొచ్చు, ఆయన లెక్క పెట్టుకున్నాడనే చెప్పాడు. రెండు శిక్షలూ కలిపి 17 ఏళ్లు గడిచాక 1864లో, గవర్నరు ఊళ్లో లేని సమయంలో తాత్కాలిక గవర్నరుగా ఉన్న రిచర్డ్ జేకబ్ విడుదల చేశాడు.

ప్రశ్న: ఓడలో దాటించడం అన్నిటికంటే సులువనిపిస్తుంది. నడక లేదు, కుక్కలు లేవు. ఓడ కెప్టెన్లు ఎందుకు దొరికిపోయేవారు?

గాలి వల్ల. తెరచాప ఓడ తనిష్టం వచ్చినట్టు పోదు, వెంటపడే ఆవిరి ఓడ పోతుంది. 1848 ఏప్రిల్ 15 రాత్రి వాషింగ్టన్ నుంచి 'పెర్ల్' అనే ఓడ 77 మందితో బయలుదేరింది. కెప్టెన్ ఎడ్వర్డ్ సేయర్స్, ఏర్పాటు చేసింది డేనియల్ డ్రేటన్. పొటోమాక్ నదిలో దిగువకు వెళ్లి, చెసపీక్ అఖాతంలోకి తిరిగి ఉత్తరానికి పోవాలి. బయలుదేరగానే గాలి పడిపోయింది. తర్వాత నది ముఖం దగ్గర ఎదురుగాలి. అఖాతంలోకి మళ్లలేక పాయింట్ లుకౌట్ దగ్గర లంగరు వేశారు. ఈలోగా తెల్లారేసరికి వాషింగ్టన్‌లో డజన్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగించే మనిషి లేకపోయేసరికి విషయం బయటపడింది. సాయుధులతో ఆవిరి ఓడ వచ్చి పట్టుకుంది. ఒక్క ఇంటి నుంచి ఒక్కరు పోతే తెలియడానికి సమయం పడుతుంది, 77 మంది ఒక్క రాత్రి పోతే ఊరంతా ఒకేసారి లేస్తుంది. సంఖ్యే వాళ్లను ముంచింది.

దొంగతనం ఆరోపణ పై కోర్టులో నిలవలేదు కానీ, రవాణా చేసిన నేరానికి తలకు ఇంతని జరిమానా వేసి, కట్టేదాకా జైల్లో ఉండమన్నారు. డ్రేటన్ బాకీ 10,000 డాలర్లు దాటింది. అంటే పేరుకు జరిమానా, నిజానికి యావజ్జీవం. నాలుగేళ్లు దాటాక 1852 ఆగస్టులో అధ్యక్షుడు ఫిల్‌మోర్ క్షమాభిక్ష ఇచ్చాడు. చిక్కెక్కడ వచ్చిందంటే, జరిమానాలో సగం యజమానులకు చెందుతుంది, ఇతరులకు రావాల్సిన సొమ్మును అధ్యక్షుడు మాఫీ చేయగలడా అన్నది ప్రశ్న. సెనెటర్ చార్లెస్ సమ్నర్ చేయగలడని వాదనపత్రం రాసిచ్చాడు. ఓడలోని వాళ్లలో చాలామందిని మాత్రం అప్పటికే దూరపు దక్షిణానికి అమ్మేశారు.

వర్జీనియా ఇంకో అడుగు ముందుకేసింది. 1856 చట్టంతో ఉత్తరానికి పోయే ప్రతి ఓడనూ సోదా చేయాలి, సోదా ఫీజు 5 డాలర్లు ఓడవాళ్లే కట్టాలి. 1858లో పీటర్స్‌బర్గ్ దగ్గర 'కెజియా' ఓడలో ఐదుగురు దొరికారు. కెప్టెన్ విలియం బేలిస్‌కు తలకు ఎనిమిదేళ్ల చొప్పున 40 ఏళ్లు. అంతర్యుద్ధం 1865లో ముగియడంతో బతికి బయటపడ్డాడు.

ప్రశ్న: మీరు చెప్పేవాళ్లంతా తెల్లవాళ్లే. సాయం చేసిన నల్లజాతివాళ్లకు ఏమయ్యేది?

మంచి ప్రశ్న. తెల్లవాళ్ల పేర్లే ఎక్కువ వినిపించడానికి కారణం, వాళ్లకు పత్రికలూ చందాలూ వకీళ్లూ ఉండటం. పని ఎక్కువగా చేసింది స్వతంత్రులైన నల్లజాతివాళ్లు, ఇంకా బానిసలుగానే ఉన్నవాళ్లు. బానిసగా ఉండి సాయం చేసినవాడికి చాలాసార్లు కోర్టే ఉండదు. కొరడా, ఆ తర్వాత దూరంగా పత్తి తోటలకు అమ్మకం. కాగితం మీద ఆనవాలే మిగలదు.

స్వతంత్రులకు వేరే చట్టాలు. మేరీలాండ్‌లో శామ్యూల్ గ్రీన్ అనే నల్లజాతి బోధకుడి మీద, 1857లో ఎనిమిది మంది పారిపోయిన ఘటనలో అనుమానం వచ్చింది. ఇల్లు సోదా చేస్తే కెనడా మ్యాపు, రైళ్ల వేళల పట్టిక, కెనడాకు పారిపోయిన కొడుకు ఉత్తరాలు, బానిసత్వాన్ని ఎండగట్టిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' నవల దొరికాయి. దాటించాడని రుజువు చేయలేకపోయారు. దాంతో పుస్తకం ఉన్నందుకే శిక్ష వేశారు. స్వతంత్రులైన నల్లజాతివాళ్ల దగ్గర అసంతృప్తి రేపే రాతలు ఉండకూడదని 1841 నాటి చట్టం ఉంది, కనిష్ఠ శిక్ష పదేళ్లు. పొరుగు తెల్లవాడి బీరువాలో అదే పుస్తకం ఉంటే ఆ చట్టం అతన్ని తాకదు. గ్రీన్‌ను 1862లో, 60 రోజుల్లో రాష్ట్రం విడిచిపోవాలన్న షరతుతో వదిలారు.

కెంటకీలో జూలియట్ మైల్స్ కథ అన్నిటికంటే కష్టం. ఆమెకు స్వేచ్ఛ దొరికింది, పిల్లలకు దొరకలేదు. 1858లో వాళ్లను తీసుకుపోవడానికి వెనక్కి వచ్చి నది దగ్గర పట్టుబడింది. సొంత పిల్లలను దొంగిలించిన నేరానికి మూడేళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్ జైల్లోనే చనిపోయింది. ఎందరినో దాటించిన ఎలైజా ఆండర్సన్ కూడా 1861లో అదే జైల్లో పోయాడు.

ప్రశ్న: ఉత్తరాది జ్యూరీలు ఇలాంటివాళ్లకు శిక్ష వేసేవా? జనం వాళ్ల పక్షమే ఉండేవారు కదా?

జ్యూరీలు తరచూ మొరాయించేవి. 1851 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని క్రిస్టియానాలో, పారిపోయినవాళ్లను పట్టుకోవడానికి వచ్చిన యజమాని ఎడ్వర్డ్ గోర్సచ్ కాల్పుల్లో చనిపోయాడు. ప్రభుత్వం ఏకంగా రాజద్రోహం కేసులు పెట్టింది. అది అతి తెలివి. రాజద్రోహం అంటే దేశం మీద యుద్ధం చేయడం, అది రుజువు చేయాలి. మొదటి ముద్దాయి కాస్ట్‌నర్ హాన్వే మీద ఉన్నదల్లా, గుర్రమెక్కి అక్కడికి వచ్చాడు, మార్షల్‌కు సాయం చేయనన్నాడు అన్నంతే. జ్యూరీ పావుగంటలో వదిలేసింది. మిగతా కేసులు నీరుగారాయి. అదే ఏడాది సిరాక్యూస్‌లో పారిపోయి వచ్చి పట్టుబడ్డ జెర్రీ అనే మనిషిని జనం విడిపించుకుపోతే 26 మంది మీద కేసు పెట్టారు, నేరం రుజువైంది ఒక్క ఈనక్ రీడ్ మీదే. ఆయన నల్లజాతివాడు, అప్పీలు తేలకముందే పోయాడు.

ఒహైయోలోని ఒబర్లిన్ ఊరి వాళ్ల కేసులో ప్రభుత్వం జాగ్రత్తపడి, తమకు అనుకూలమైన పార్టీవాళ్లతోనే జ్యూరీ కూర్చింది. 1858లో, పారిపోయి వచ్చి పట్టుబడ్డ జాన్ ప్రైస్‌ను విడిపించినందుకు 37 మంది మీద అభియోగం. సిమియన్ బుష్‌నెల్‌కు 60 రోజులు, 600 డాలర్లు. చార్లెస్ లాంగ్‌స్టన్‌కు 20 రోజులు, 100 డాలర్లే. నల్లజాతివాడికి ఈ దేశంలో న్యాయమైన జ్యూరీ దొరకదని కోర్టులోనే ఆయన చేసిన ప్రసంగం విని న్యాయమూర్తి శిక్ష తగ్గించాడు. మిగతావాళ్లు జామీను వద్దని క్లీవ్‌లాండ్ జైల్లోనే కూర్చుని, అక్కడి నుంచే పత్రిక అచ్చు వేశారు. ఈలోగా ప్రైస్‌ను పట్టుకున్నవాళ్ల మీద ఒహైయో ప్రభుత్వం కిడ్నాప్ కేసు పెట్టింది. చివరికి మీ కేసులు మీరు, మా కేసులు మేము ఎత్తేద్దామని రాజీ.

విస్కాన్సిన్‌లో షెర్మన్ బూత్ అనే పత్రికా సంపాదకుడికి 1854లో, పారిపోయి వచ్చిన జాషువా గ్లోవర్‌ను జనం జైలు నుంచి విడిపించిన విషయంలో నెల జైలు, 1,000 డాలర్లు వేశారు. రాష్ట్ర సుప్రీంకోర్టు 1850 చట్టమే చెల్లదంది. 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాటను కొట్టేసి, బూత్‌ను మళ్లీ లోపల వేయించింది. యజమాని వేసిన దావాకు ఆయన అచ్చుయంత్రం అమ్ముడుపోయింది.

ప్రశ్న: తాను పారిపోయి, తర్వాత ఎందరినో దాటించిన హారియట్ టబ్మన్ తల మీద 40,000 డాలర్ల బహుమానం ఉండేదట. పట్టుబడితే ఏ శిక్ష పడేది?

40,000 మాట యుద్ధం అయ్యాక పుట్టింది. లింకన్‌ను చంపిన మనిషి మీద ప్రభుత్వం ప్రకటించిందే 50,000, దాన్ని బట్టి ఊహించుకోండి. టబ్మన్ మీద దొరికిన ప్రకటన 1849 అక్టోబరుది. ఆమెకూ ఇద్దరు సోదరులకూ కలిపి, రాష్ట్రం బయట పట్టుకుంటే తలకు 100, లోపల అయితే 50 డాలర్లు. అదీ పారిపోయినందుకు, దాటించినందుకు కాదు. పట్టుబడితే ఆమెకు జరిమానా, జైలు తర్వాతి మాట. ముందు ఆమె పారిపోయిన బానిస, అమ్మకమే.

ప్రశ్న: తన రాష్ట్రం దాటకుండా సాయం చేసిన ఒహైయో మనిషిని కెంటకీ రప్పించి శిక్షించగలిగేదా?

ప్రయత్నించింది. 1838లో ఒహైయో గవర్నరు జాన్ మహన్ అనే పాస్టరును కెంటకీకి అప్పగించేశాడు. రెండు నెలలు జైల్లో ఉంచి విచారించాక, ఆయన కెంటకీలో అడుగే పెట్టలేదని తేలి, జ్యూరీ వదిలేసింది. 1861 నాటికి గాలి మారింది. విల్లిస్ లాగో అనే స్వతంత్ర నల్లజాతి మనిషి షార్లట్ అనే యువతిని దాటించాడని కెంటకీ అడిగితే ఒహైయో గవర్నరు డెన్నిసన్ ఇవ్వనన్నాడు. అప్పగించడం గవర్నరు బాధ్యతే, కానీ బలవంతపెట్టే అధికారం తమకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. నేరస్తుల అప్పగింతల్లో ఆ తీర్పు 1987 దాకా నిలిచింది.

ప్రశ్న: ఆ చట్టాలు ఎప్పుడు పోయాయి? శిక్ష పడ్డవాళ్ల పేర్ల మీద మచ్చ తీసేశారా?

1793, 1850 చట్టాలను రెంటినీ 1864 జూన్ 28న రద్దు చేశారు. అంటే అంతర్యుద్ధం మూడేళ్లు నడిచాక కూడా అవి పుస్తకంలో ఉన్నాయి. పాత శిక్షలు మాత్రం వాటంతటవే చెరిగిపోలేదు, ఒక్కో పేరు మీద ఒక్కో గవర్నరు సంతకం కావాల్సి వచ్చింది. తడి బట్టలతో దొరికిన డాక్టరు ఈల్స్ తన కేసును పై కోర్టులకు తీసుకెళ్తూ మధ్యలోనే చనిపోయాడు. వారసులు కొనసాగించినా 1852లో సుప్రీంకోర్టు ఆ 400 డాలర్ల జరిమానా సబబే అంది. ఇల్లినాయ్ గవర్నరు పాట్ క్విన్ ఆయనకూ, అలాంటి నేరానికే శిక్ష పడిన జూలియస్, శామ్యూల్ విల్లార్డ్‌లకూ 2014 డిసెంబరు 31న క్షమాభిక్ష ఇచ్చాడు.